మాంత్రికుడి ప్రాణం ఎక్కడ దాగుంది?

తెలుగులో తొలి నవలల్లో ఒకటిగా పేరుపొందిన ‘రాజశేఖర చరిత్రము’లో సామర్లకోట పరిసరాలున్నాయి. కందుకూరి వీరేశలింగం 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో ఈ కథను అచ్చువేయడం మొదలుపెట్టి, 1880లో పుస్తకంగా తెచ్చారు. ధవళేశ్వరంలో మొదలైన కథ రాజమండ్రి మీదుగా పెద్దాపురం, భీమవరం దాకా వస్తుంది. పెద్దాపురాన్ని వత్సవాయి రాజులు ఏలుతున్న కాలం అది. వీరేశలింగం రాసేనాటికే ఆ కాలం చరిత్రలో కలిసిపోయింది. ఆ భీమవరం పశ్చిమగోదావరిలోది కాదు. చాళుక్య భీముడి గుడి చుట్టూ ఏర్పడి, ఇవాళ సామర్లకోటలో భాగమైపోయిన ఊరు. మన నవల పుట్టిన కొత్తలోనే చరిత్ర, కల్పన, మంత్రతంత్రాలు ఈ నాలుగు ఊళ్ళ మధ్య కలుసుకున్నాయి.

స్వర్ణవిద్య తెలుసునంటూ వచ్చిన బైరాగి రాజశేఖరుడి ఇంట్లో తిష్ఠవేస్తాడు. ఇంట్లో ఉన్న వెండి బంగారాలన్నీ అతని చేతికి చేరాక రాత్రికి రాత్రి మాయమవుతాడు. ఆడపిల్లకు జబ్బు చేస్తే దయ్యం పట్టిందంటూ భూతవైద్యుణ్ణి పిలిపిస్తారు. ఈ ఘట్టాల్లో నేను మెచ్చుకునేది మోసాన్ని బయటపెట్టిన తీరు ఒక్కటే కాదు. మోసపోయే మనిషిని వీరేశలింగం మూర్ఖుడిగా గీయలేదు. రాజశేఖరుడు చదువుకున్నవాడు, పెట్టే చెయ్యి ఉన్నవాడు, నలుగురూ గౌరవించే గృహస్థు. అలాంటివాడే నమ్మాడంటే పాఠకుడికి తన ఇల్లు గుర్తుకొస్తుంది. మంత్రం అబద్ధమని ఉపన్యాసం చెప్పే పని వీరేశలింగం వేరే చోట్ల కావలసినంత చేశారు. నవలలో మాత్రం ఒక్కటే గమనించమంటారు: మంత్రగాడు వచ్చి వెళ్ళాక ఎవరి సొమ్ము ఎవరి మూటలోకి చేరింది?

అదే రాజమండ్రిలో ఇంకో పెద్దమనిషి మంత్రాన్ని పూర్తిగా వేరే దారిలో నడిపించారు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాలు. మా అమ్మమ్మల తరంలో అక్షరం వచ్చిన ప్రతి ఇంట్లోనూ కనీసం ఒక భాగమైనా ఉండేదంటే అతిశయోక్తి కాదు. మణిసిద్ధుడనే యతి కాశీకి కాలినడకన బయలుదేరతాడు. తోడు కావాలి. పశువులు కాసుకునే కుర్రాడొకడు వస్తానంటాడు కానీ ఒక షరతు పెడతాడు. మజిలీ మజిలీకీ తాను ఊళ్ళోకి వెళ్ళి చూసివచ్చిన వింత గురించి అడుగుతాడు, అయ్యవారు దాని కథ చెప్పి తీరాలి. యతి దగ్గర మహిమగల మణి ఉంది. దాని ప్రభావంతో జరిగినదంతా తెలుసుకుని చెబుతాడు.

ఈ కట్టడంలో ఎంత నేర్పుందో నెమ్మదిగా చూడాలి. కథ ఎప్పుడూ కథకుడి ఇష్టంతో మొదలవదు, కుర్రాడి ప్రశ్నతో మొదలవుతుంది. వాడు ముందుగా చూసేది కథ చివర మిగిలిన ఆనవాలు: ఎవరూ అడుగుపెట్టని మేడ, అర్థంకాని బొమ్మ, ఊరంతా పాటించే వింత ఆచారం. కారణం తరవాత వస్తుంది. చరిత్ర రాసేవాళ్ళు చేసే పనీ ఇదే కదా. శిథిలం ముందు కనిపిస్తుంది, అక్కడినుంచి వెనక్కి నడవాలి. ఇంకో సంగతి. అడిగేవాడు గొడ్లకాపరి, చెప్పేవాడు వేదం చదివిన యతి. చదువుకున్నవాడు చదువులేనివాడికి జవాబుదారీ అయిన కథనం ఇది. ఆ కథల్లో భోజుడూ, కాళిదాసూ, శంకరాచార్యులూ కూడా నడుస్తారు. తెలిసిన పేరు పక్కన నిలబెడితే యక్షిణికీ, మంత్రదండానికీ ఒక కాలం, ఒక ఊరు దొరుకుతాయి. చారిత్రక కల్పన రాయదలచినవాళ్ళకు సుబ్బన్న దీక్షితులు వదిలిపెట్టిన పనిముట్లలో నా లెక్కన ఇదే విలువైనది.

ఈ మంత్రకథలు మనకు ఎక్కణ్ణుంచో అరువు వచ్చాయనుకునేవాళ్ళు భవభూతి ‘మాలతీమాధవం’ చూడాలి. 8వ శతాబ్దపు ఆ సంస్కృత నాటకంలో అఘోరఘంటుడనే కాపాలికుడు మాలతిని చాముండికి బలివ్వబోతాడు. అతని శిష్యురాలు కపాలకుండల ఆకాశమార్గాన శ్రీపర్వతం నుంచి వస్తుంది. అదే నాటకంలో సౌదామిని కూడా శ్రీపర్వతం మీదే సిద్ధులు సాధించి, ఆ శక్తిని ప్రేమికులను కాపాడటానికి వాడుతుంది. బాణుడి ‘కాదంబరి’లో ఒక ముసలి ద్రవిడ సాధువుకు శ్రీపర్వతపు వింతలు వేలకొద్దీ వచ్చు. శ్రీపర్వతమంటే మన శ్రీశైలమే. సంస్కృత కవులు మహిమలకు చిరునామాగా తెలుగునేలను చూశారు. ఒకే కొండ మీద ఒకే విద్య నేర్చిన ఇద్దరు స్త్రీలలో ఒకరు బలికి, ఇంకొకరు రక్షణకు దాన్ని వాడినట్టు భవభూతి రాయడం మామూలు విషయం కాదు.

ఇక సామర్లకోటకు వస్తే, అక్కడి భీమేశ్వరాలయం కట్టించాడని చెప్పే చాళుక్య భీముడు 892లో గద్దెనెక్కాడు. తూర్పు చాళుక్యుల శాసనాల మొదట్లో ఆ వంశం తనను మాతృగణం పాలిస్తున్నదనీ, మహాసేనస్వామి పాదాలను ధ్యానిస్తున్నాననీ చెప్పుకుంటుంది. మహాసేనుడంటే కుమారస్వామి. తారకాసురుణ్ణి చంపడానికి అతని మెడలోని లింగాన్ని కుమారస్వామి ముక్కలు చేశాడనీ, ఆ అయిదు ముక్కలు పడిన చోట్లే పంచారామాలనీ ఐతిహ్యం. అందుకే సామర్లకోటది కుమారారామం. అసురుడి బలం అతని కండల్లో లేదు, మెడలో వేలాడే లింగంలో ఉంది. దాన్ని పగలగొడితే తప్ప అతను చావడు. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి, ఈ ప్రాంతపు మంత్రకథలన్నీ దీన్ని పట్టుకునే నడుస్తాయి.

సామర్లకోట మండలంలోనే, కాకినాడ దారిలో, మాధవపట్నం ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. రామాయణ భారతాలు ఆడతారు. వాటితోపాటు మైరావణ చరిత్ర కూడా ఈ ఆటకు పాత ఆస్తి. పాతాళంలో ఉండే మైరావణుడు పెద్ద మాంత్రికుడు. రావణుడికి సాయంగా వచ్చి, అందరినీ నిద్రపుచ్చి, రామలక్ష్మణులను కాళికి బలివ్వడానికి పాతాళానికి ఎత్తుకుపోతాడు. హనుమంతుడు వెతుక్కుంటూ వెళతాడు.

ఈ మాయను తెర మీద ఎలా చూపిస్తారు? మేక, జింక, దున్న తోళ్ళను వెలుగు పారేటంత పలచగా తీసి, రంగులద్ది, నగలూ బట్టల అంచులూ మెరవడానికి సన్నటి చిల్లులు పొడుస్తారు. ఆంధ్ర తోలుబొమ్మలు పెద్దవి, కొన్ని మనిషి ఎత్తుకు వస్తాయి. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా దారంతో కడతారు. బొమ్మ నడుమ వెదురుబద్ద, చేతులు ఆడించడానికి వేరే పుల్లలు. వెనక ఒకప్పుడు ఆముదపు దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. బొమ్మను తెరకు అదిమిపెడితే కన్నూ ముక్కూ రంగూ స్పష్టంగా కనబడతాయి. తెర నుంచి వెనక్కి, దీపం వైపు జరిపితే నీడ పెరుగుతూ, అంచులు చెదిరిపోతూ, తెరంతా కమ్ముకుంటుంది. మాంత్రికుడు పెరిగాడు! దీపం ముందునుంచి బొమ్మను చటుక్కున తిప్పేస్తే మాయమయ్యాడు. ఒక బొమ్మను తీసే చెయ్యీ, ఇంకో బొమ్మను అదిమే చెయ్యీ ఒక్క తాళంలో కదిలితే రాక్షసుడు సాధువైపోతాడు. కింద చెక్కపలకల మీద కాలితో తొక్కిన చప్పుడుకి చూసేవాడి గుండె అదురుతుంది. నాలుగు వేళ్ళ కదలికా, ఒక దీపమూ తప్ప అక్కడ వేరే సాధనం లేదు. చూసేవాళ్ళకు ఆ సంగతి తెలుసు. తెర వెనక మనిషి ఉన్నాడని తెలిసే భయపడతారు, తెలిసే ఆనందిస్తారు. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూసుకొచ్చి మోటు సరసంతో ఆ భయాన్ని తెగ్గొడతారు, జనం నవ్వుతారు, మళ్ళీ మైరావణుడు కమ్ముకుంటాడు. పసివాడు సైతం మాయకీ నిజానికీ మధ్య గీతను ఆ రాత్రంతా దాటుతూ, వెనక్కి వస్తూ నేర్చుకుంటాడు.

హనుమంతుడికి మైరావణుణ్ణి చంపడం ఎందుకు కష్టమంటే, అతని పంచప్రాణాలు ఒంట్లో లేవు. అయిదు తుమ్మెదలుగా వేరేచోట దాచుకున్నాడు. ఆ రహస్యం చెప్పేది ఎవరు? అతని తోబుట్టువు దుర్దండి. తన ఇంట్లోనే బందీగా పడి ఉన్న ఆడది. హనుమంతుడికి ఉన్న బలమంతా ఆమె నోటిమాట లేకుండా పనికిరాలేదు.

బాలనాగమ్మ కథలోనూ ఇంతే. బుర్రకథగా, వీధినాటకంగా, పాటగా ఊరూరా తిరిగిన కథ. మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు పట్టుకుపోతాడు. ఆమె వ్రతం పేరు చెప్పి ఏళ్ళ తరబడి అతణ్ణి దూరంగా నిలబెడుతుంది. అతను ఎంత మాంత్రికుడైనా ఆ వ్రతాన్ని దాటి రాలేడు. మంత్రానికి హద్దు ఉండటం ఈ కథల్లో మొదటి నియమం. హద్దులేని మంత్రం ఉన్న కథ రెండు పేజీల్లో చచ్చిపోతుంది, ఎందుకంటే ఏదైనా చేయగలవాడు ఏం చేస్తాడా అన్న ఆత్రం ఎవరికీ ఉండదు. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి, పూలదండలు కట్టే ముసలమ్మ ఇంట్లో మనవడిగా చేరి, తల్లికి కబురు పంపుతాడు. తల్లి మరాఠీని మాటల్లో పెట్టి గుట్టు లాగుతుంది. ఏడు సముద్రాల అవతల చిలకలో అతని ప్రాణం. కొడుకు ప్రయాణం అక్కడినుంచి మొదలవుతుంది.

ఆ ముసలమ్మ దగ్గర కాసేపు ఆగాలి. మన కథల్లో ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలిదానికి పేదరాశి పెద్దమ్మ అని పేరు. దిక్కులేని రాకుమారుడికి అన్నం పెడుతుంది, ఊరి సంగతులు చెబుతుంది, పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసీ దాస్తుంది. ఐరోపా కథల్లో అడివి అంచున ఒంటరిగా ఉండే ముసలమ్మ చాలాసార్లు పిల్లల్ని తినే మంత్రగత్తె. మన జానపదుడు అదే మనిషికి అమ్మ తరవాత అంతటి స్థానం ఇచ్చాడు. మాంత్రికుణ్ణి మాత్రం గుహలో, గట్టు మీద, రాజాస్థానంలో పెట్టాడు. శక్తి ఉన్నచోటే అనుమానం పెట్టాడన్నమాట.

ఈ బాలనాగమ్మను 1942లో జెమినీ వారికి తెర మీదకి తెచ్చిన దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య కాకినాడ మనిషి. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. పుల్లయ్య చూపు పడే కాకినాడ నాటకాల నుంచి అంజలీదేవి సినిమాకి వచ్చారు. ఆమె పుట్టిన ఊరు పెద్దాపురం, సామర్లకోటకు కూతవేటు దూరం. 1947లో పుల్లయ్య ‘గొల్లభామ’లో మోహినిగా పేరు తెచ్చుకున్న ఆవిడ, 1949లో మీర్జాపురం రాజావారి ‘కీలుగుర్రం’లో రాక్షసి అయ్యారు.

‘కీలుగుర్రం’ కాశీమజిలీల సంప్రదాయానికి చెందిన కథ. రాజుగారు వేటకు వెళ్ళి అడవిలో అందగత్తెను చూసి తెచ్చుకుంటాడు. ఆవిడ రాక్షసి. రాత్రిళ్ళు రాజుగారి ఏనుగులనూ గుర్రాలనూ తినేస్తుంది. గుట్టు బయటపడేలా ఉందని తోచగానే తిన్నవాటి ఎముకలు తీసుకెళ్ళి నిండుచూలాలైన మహారాణి గదిలో పడేస్తుంది. సాక్ష్యం దొరికింది, తీర్పు అయిపోయింది. రాణి కళ్ళు పోగొట్టుకుని అడవి పాలవుతుంది. అక్కడ పుట్టిన కొడుకు, అక్కినేని నాగేశ్వరరావు, కీలుగుర్రమెక్కి తిరిగి నిజాన్ని బయటికి లాగుతాడు.

పిల్లలు ఎగిరే గుర్రాన్ని చూస్తారు. నేను చూసేది రాణిగారి గదిలో దొరికిన ఆ ఎముకలను. మంత్రగత్తె అన్న ముద్ర ఒక మనిషి మీద ఎలా పడుతుందో ఇంతకన్నా సూటిగా చెప్పిన కథ నాకు తెలీదు. ఊళ్ళో నష్టం జరుగుతోంది, కారణం తెలియడం లేదు. అధికారం చెవిని పట్టుకున్నవాళ్ళు ఒకరున్నారు. ఎదురు చెప్పుకోలేని స్థితిలో ఇంకొకరున్నారు. వస్తువు ఒకటి ఒకరి గదిలో దొరుకుతుంది. ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. రాణి అంతటి మనిషికే దిక్కులేకపోతే మామూలు ఆడదాని సంగతేమిటి? పెద్దాపురపు అమ్మాయి ఆ రాక్షసిని అందంతో, చిరునవ్వుతో ఆడటం వల్లే ఆ పాత్ర ఇంత బలంగా నిలిచింది. అసలు రాక్షసి భయంకరంగా కనిపిస్తే రాజు నమ్మేవాడు కాదు, మనమూ నమ్మం.

ఆ కాకినాడ నాటకాల్లోనే, యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో వేషాలు కట్టిన ఎస్.వి. రంగారావు 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడయ్యారు. పింగళి నాగేంద్రరావు రాసిన, కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమా 1952 జనవరిలో మన దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవానికి వెళ్ళింది. తోటరాముణ్ణి పాతాళభైరవికి బలివ్వబోయే ఘట్టంలో కిటుకు ఒక్కటే. సాష్టాంగం ఎలా చేయాలో నాకు తెలీదు, మీరే చేసి చూపించండి అంటాడు వీరుడు. బేతాళ కథల ముగింపులో విక్రమార్కుడు భిక్షువుతో చేసినదీ అదే. ఎదుటివాణ్ణి వంచే క్రియ ముందు నువ్వు చేసి చూపించమనడం ఎంత మామూలు మాట! వెయ్యేళ్ళుగా మన కథకులు దాన్ని వదల్లేదు. కత్తికన్నా ముందు ప్రశ్నను వీరుడి చేతికిస్తారు.

ఇంత కథా సంపద ఉన్న నేల మీదే చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చంపుతున్నారు. గోదావరి మన్యంలోనూ, ఉత్తరాంధ్రలోనూ చిల్లంగి, ఇతర చోట్ల చేతబడి, తెలంగాణలో బాణామతి. పేరేదైనా దెబ్బ పడే మనిషి ఎప్పుడూ ఒకలాంటివాడే. వృద్ధురాలు, వితంతువు, ఊళ్ళో అండ లేనివాడు, పొలం తగాదా ఉన్నవాడు. పిల్లకు జ్వరం తగ్గకపోతే ఆసుపత్రి కన్నా ముందు వాళ్ళ పేరు వినిపిస్తుంది. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో మంత్రగత్తె ముద్ర వేయడాన్నే నేరం చేస్తూ చట్టాలు చేసుకున్నాయి. విజయవాడ నాస్తిక కేంద్రం, జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊళ్ళలో తిరిగి చెబుతూనే ఉన్నాయి. అది చేయవలసిన పని. దానితోపాటు కథలు కూడా చేయగల పని ఒకటుందని నా నమ్మకం. మంత్రకథలు చదివితే మూఢనమ్మకం పెరుగుతుందన్న మాట తరచుగా వింటాను. నేను ఒప్పుకోను. పుకారు అడక్కుండా నమ్మమంటుంది. కాశీమజిలీ కుర్రాడు అడక్కుండా ఒక్క మజిలీ కూడా దాటడు. పుకారు ఊరి చివరి ముసలిదాన్ని చూపిస్తుంది. కథ ఆ ముసలిదాని ఇంట్లో అన్నం తినమంటుంది.

పైదేశాల రచయితలు ఈ దారిని చాలా దూరం తీసుకెళ్ళారు. అమెరికాలోని సేలంలో 1692లో మంత్రగత్తెలన్న ఆరోపణ మీద 19 మందిని ఉరితీశారు. ఆ విచారణల కాగితాలు మిగిలాయి. వాటి ఆధారంగా ఆర్థర్ మిల్లర్ 1953లో ‘ది క్రూసిబుల్’ నాటకం రాసి, తన కాలపు కమ్యూనిస్టు వేటను అందులో చూపించాడు. అదే కేసులో ఇరుక్కున్న టిటూబా అనే బానిస స్త్రీ గొంతుతో మరీస్ కోండే 1986లో నవల రాసింది. చరిత్ర రెండు మూడు పుటలతో సరిపెట్టిన మనిషికి బాల్యాన్నీ, ప్రేమనీ, కోపాన్నీ ఇచ్చింది.

సామర్లకోట గురించి అలాంటి నవల రాయాలనుకునే తెలుగు రచయితకు సామగ్రి కొరత లేదు. చాళుక్యుల గుడి గోడలు, స్తంభాల మీద శాసనాలున్నాయి. పెద్దాపురం సంస్థానపు చరిత్ర ఉంది. కుంఫిణీ దొరలు ఇక్కడ సైన్యాన్ని నిలిపిన కాలం ఉంది. బైరాగులు, రసవాదులు, భూతవైద్యులు నడిచిన దారులను వీరేశలింగం ముందే గీసిపెట్టారు. నన్నడిగితే అలాంటి రచయిత మాంత్రికుడి వైపు నుంచీ, వీరుడి వైపు నుంచీ మొదలుపెట్టొద్దంటాను. దుర్దండి దగ్గర మొదలుపెట్టాలి. అన్న చేసే బలులన్నీ చూస్తూ, అతని ప్రాణం ఏ తుమ్మెదలో ఉందో తెలిసీ, చెప్పడానికి ఒక మనిషి వచ్చేదాకా ఆ ఇంట్లో ఆమె అన్నేళ్ళు ఎలా బతికింది? హనుమంతుడు పైకి వెళ్ళిపోయాక పాతాళంలో ఆమెను ఎవరేమన్నారు? మైరావణ చరిత్ర ఆ భాగాన్ని చెప్పకుండా వదిలేసింది. మాధవపట్నం పెట్టెల్లో ఆమె బొమ్మ ఉండే ఉంటుంది. ఆమె కథ రాసి ఇస్తే ఆడించగలిగే చేతులు ఇంకా ఉన్నాయి.